పదిహేడు కుర్చీలు

తెలుగులో 'మేళం' బరువున్న మాట. సన్నాయి మేళం, బ్యాండు మేళం, బోగం మేళం. మొదటి రెండూ మగవాళ్ళవి కాబట్టి వృత్తుల పేర్లుగా మిగిలాయి. మూడోది ఆడవాళ్ళది కాబట్టి తిట్టుగా మారింది. నడిగూడెంలో ఒక పెళ్ళి ఊరేగింపు పోతుంటే అరుగు మీద కూర్చున్న పెద్దావిడను, బ్యాండులో ఆడవాళ్ళు ఎప్పుడైనా వాయించారా అని అడిగాను. "ఆడోళ్ళు ఊదితే దాన్ని ఏ మేళమంటరో నీకు తెల్వదా బిడ్డా" అని నవ్వింది. ఇంత చదువుకుని ఈ మాత్రం తెలీదా అన్న ధ్వని కూడా ఆ నవ్వులో ఉంది.

ఆమె అన్నది సరదా మాటే కావచ్చు, కానీ అందులో ఒక పెద్ద సామాజిక సూత్రం ఉంది. స్త్రీ పాడొచ్చు. జోలపాట, మంగళహారతి, నాటుపాట, బతుకమ్మ పాట, అన్నీ ఆమెవే. పై కులాల ఇళ్ళలోనైతే చాప మీద కూర్చుని వీణ కూడా మీటొచ్చు. తోలు వాద్యం, గాలి వాద్యం మాత్రం ఆమెవి కావు. డప్పు మాదిగలది, సన్నాయి మంగళ్ళది అని కులం పంచిపెట్టింది. ఊదే వాద్యానికి ఎంగిలి అంటు కూడా తగిలించింది. ఆ కులాల లోపల ఆ వాద్యాన్ని మళ్ళీ మగవాడి చేతికే ఇచ్చింది. అంటే వాద్యం దగ్గర కులమూ పితృస్వామ్యమూ రెండు తాళాలు వేశాయి. మన స్త్రీవాద విమర్శ పాట మీద చాలా రాసింది. వాయించే చేతి మీద, ఊదే నోటి మీద చాలా తక్కువ రాసింది. ఆ లోటు నాకు జాజ్ వింటున్నప్పుడు కొట్టొచ్చినట్టు కనబడింది.

జాజ్ గురించి తెలుగు పత్రికలో ఏమిటి అనుకునేవారు ఉంటారు. ఆ వాద్యాల మోత మనకు కొత్తది కాదు. అరవై, డెబ్భై దశకాల సినిమాల్లో ఎల్.ఆర్. ఈశ్వరి క్లబ్బు పాట పాడుతుంటే, తెర మీద జ్యోతిలక్ష్మి ఆడుతుంటే, వెనక నుంచి వచ్చే ట్రంపెట్, శాక్సఫోన్ ఆ కుటుంబానివే. కథానాయికకు వీణ, వాంపుకు శాక్సఫోన్. ఏ శబ్దం ఏ ఆడదానికి తగునో మన చెవులకు సినిమా బాగానే నేర్పింది. ఆ శాక్సఫోన్ ఊదింది ఎవరని మనమెవరమూ అడగలేదు.

పరిశోధన పని మీద అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో కొన్ని వారాలు ఉన్నాను. అక్కడి సంగీత విభాగం విద్యార్థుల బిగ్ బ్యాండ్ కచేరీకి వెళ్ళాను. బిగ్ బ్యాండ్ అంటే మామూలుగా పదిహేడు మంది. అయిదు శాక్సఫోన్లు, నాలుగు ట్రంపెట్లు, నాలుగు ట్రాంబోన్లు, పియానో, గిటారు, బేస్, డ్రమ్స్. పదిహేడింటిలో పదమూడు నోటితో ఊదేవి. బయటి నుంచి పేరున్న కళాకారులను, అధ్యాపకులను అతిథులుగా పిలుస్తారు. పగలు వాళ్ళు విద్యార్థులకు పాఠం చెబుతారు, సాయంత్రం వాళ్ళతో కలిసి వేదిక ఎక్కుతారు. గురువు పక్కనే నిలబడి వాయించే ఈ ఏర్పాటు నాకు చాలా నచ్చింది. మన విశ్వవిద్యాలయాల సెమినార్లలో అతిథి మాట్లాడతాడు, విద్యార్థి వింటాడు, భోజనాలు అవుతాయి.

సాయంత్రం కచేరీ మెరుపులతో సాగింది. అతిథిగా వచ్చిన ట్రంపెట్ విద్వాంసుడు సోలో ఊదితే హాలంతా లేచి నిలబడింది. ఒక గాయని మెరిసే గౌనులో వచ్చి మూడు పాటలు పాడి వెళ్ళింది. పాడినంత సేపూ బాగా పాడింది. నేను మాత్రం కుర్చీలు లెక్కపెడుతున్నాను. పదిహేడింటిలో ఇద్దరు అమ్మాయిలు. ఒకరు పియానో, ఒకరు మూడో ట్రంపెట్. ఆడవాళ్ళు ముగ్గురు కనబడ్డ ఆ వేదిక మీద అందరి కళ్ళూ ఉన్నది, కుర్చీ లేని స్త్రీ మీద.

నాకు గుర్తుండిపోయింది మాత్రం పగటి పాఠం. అతిథి అధ్యాపకుల్లో ఒకామె ట్రాంబోన్ వాద్యకారిణి, యాభై దాటి ఉంటాయి. బ్యాండు ఒక పాట వాయిస్తుంటే మధ్యలో ఆపి, ప్రతి వరసలోనూ మొదటివాళ్ళను ఊరుకోమంది. రెండో, మూడో, నాలుగో వాళ్ళే వాయించాలి. వాయించారు. వరస లేదు, పాట ఏదో పోల్చుకోలేం. వింత రంగుల మేఘంలా ఏదో కదిలింది. "ఇప్పుడు మీరు" అని మొదటివాళ్ళకు సైగ చేసింది. వరస వచ్చి దాని మీద కూర్చుంది, ఒక్కసారిగా పాట నిలబడింది. ఆమె ఏ వ్యాఖ్యానమూ చేయలేదు, తర్వాతి పేజీ తిప్పమంది. మూడో ట్రంపెట్ అమ్మాయి మాత్రం కొంచెం నిటారుగా కూర్చుంది.

మూడో ట్రంపెట్‌కు సాధారణంగా సోలో ఉండదు. వరస ఉండదు. ఆ స్వరం తీసేస్తే ఏం పోయిందో శ్రోత చెప్పలేడు, కానీ పాట పలచబడిందని తెలుస్తుంది. ఈ కుర్చీ చరిత్ర ఎవరు రాస్తారు?

అమెరికాలో ఈ కుర్చీల మీద గొడవ పాతదే. 1938 ఫిబ్రవరిలో డౌన్ బీట్ అనే ప్రముఖ జాజ్ పత్రిక ఒక వ్యాసం అచ్చువేసింది. స్త్రీ సంగీతకారులు ఎందుకు తక్కువ వాళ్ళు అన్నది దాని శీర్షిక. రాసినవారి పేరు లేదు. లాస్ ఏంజిల్స్‌లో బ్యాండు నడిపే శాక్సఫోన్ వాద్యకారిణి పెగ్గీ గిల్బర్ట్ దానికి గట్టి జవాబు రాసింది. స్త్రీని వినడానికి కాక చూడడానికి కొలువులో పెట్టుకుంటారనీ, నవ్వుతూ ఊదమంటారనీ, అది శరీరధర్మం రీత్యానే కుదరదనీ ఆమె వాదన. పత్రికవాళ్ళు ఆ ఉత్తరాన్ని అచ్చువేశారు. పైన బ్రా వేసుకుని బూర ఎలా ఊదుతారన్న అర్థం వచ్చే శీర్షిక తగిలించారు. ఆడవాళ్ళ వాదాన్ని అచ్చువేస్తూనే శీర్షికతో చంపేసే సంపాదకులు మనకూ పరిచయమే. స్త్రీవాద కవిత్వం మీద మన దగ్గర తొంభైలలో జరిగిన చర్చల శీర్షికలు ఒకసారి తిరగేయండి.

ఆ వ్యాసం వచ్చేసరికే మిసిసిపీ రాష్ట్రంలో ఒక బడిలో దానికి సమాధానం తయారవుతోంది. పైనీ వుడ్స్ కంట్రీ లైఫ్ స్కూల్ పేద నల్లపిల్లల కోసం 1909లో పెట్టిన బడి. దాని వ్యవస్థాపకుడు లారెన్స్ జోన్స్, బడికి విరాళాలు తేవడానికి 1937లో అమ్మాయిలతో ఒక బిగ్ బ్యాండ్ కట్టాడు. పేరు ఇంటర్నేషనల్ స్వీట్‌హార్ట్స్ ఆఫ్ రిథమ్. చాలామంది నల్లజాతి పిల్లలు. చైనా, మెక్సికో మూలాలున్న పిల్లలు కూడా ఉండటంతో 'ఇంటర్నేషనల్' అన్నారు. డ్రమ్స్ మీద పాలీన్ బ్రాడీ, ట్రాంబోన్ మీద జోన్స్ పెంపుడు కూతురు హెలెన్ జోన్స్. చదువుకోసం వాయించడం, వాయించడం కోసం ఊళ్ళు తిరగడం. 1941లో ఈ పిల్లలు బడితో తెగతెంపులు చేసుకుని వృత్తి బ్యాండుగా వర్జీనియాకు తరలిపోయారు. అక్కడి నుంచి ఆనా మే విన్‌బర్న్ నాయకత్వం. తర్వాత టైనీ డేవిస్ ట్రంపెట్‌తో, వయొలా బర్న్‌సైడ్ టెనర్ శాక్సఫోన్‌తో వచ్చి చేరారు. హార్లెమ్‌లోని అపోలో థియేటర్లో వాయించారు. 1945లో నల్లజాతి సైనికులు పట్టుబట్టి రప్పించుకోగా యూరప్ వెళ్ళి సైనిక శిబిరాల్లో వాయించారు.

దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి ప్రయాణం చేయడం, ఒకచోట తినడం చట్టవిరుద్ధంగా ఉన్న రోజులవి. హోటళ్ళు వీళ్ళకు గదులివ్వవు. అందుకని బస్సులోనే నిద్ర, బస్సులోనే వంట. 1943లో రోజలిండ్ క్రాన్ అనే యూదు అమ్మాయి ఆల్టో శాక్సఫోన్‌తో వచ్చి చేరింది. పోలీసులకు దొరక్కుండా ముఖానికి నల్లరంగు పూసుకుని ఆ కుర్చీలో కూర్చునేది. ఈ దృశ్యం మీద ఎంత సిద్ధాంతమైనా రాయొచ్చు. నాకు కనిపించేది మాత్రం ఇది: పక్క కుర్చీలోని స్త్రీ స్వరంతో తన స్వరం కలవాలంటే ఒకామె తన చర్మాన్ని దాచుకోవాల్సి వచ్చింది. పంచమ కులాల స్త్రీలూ పై కులాల స్త్రీలూ ఒక వేదిక మీద కూర్చున్న ప్రతిసారీ ఎవరు ఏ రంగు పూసుకున్నారన్నది మన దగ్గర ఇంకా పూర్తిగా మాట్లాడని విషయం.

ఇందులో అంతా వెలుగే లేదు. తిండికి రోజుకొక డాలరు, చేతి ఖర్చుకు వారానికొక డాలరు ఇచ్చేవారని తొలినాళ్ళ సభ్యులు తర్వాత గుర్తుచేసుకున్నారు. వేలమంది చప్పట్లు కొట్టిన బ్యాండుకు దక్కింది అది. సోదరీభావం గురించి రాసేటప్పుడు ఈ లెక్క వదిలేస్తే ఆ సోదరీభావం మనకు అచ్చంగా అర్థం కాదు. 1949 నాటికి బ్యాండు విడిపోయింది. యుద్ధం నుంచి మగవాళ్ళు తిరిగొచ్చారు, కుర్చీలు ఖాళీ చేయమన్నారు, స్త్రీలు ఇళ్ళకు పోయారు. అందరూ పోలేదనుకోండి. టైనీ డేవిస్ తన జీవన సహచరి, డ్రమ్స్ వాయించే రూబీ లూకస్‌తో కలిసి షికాగోలో ఒక బార్ నడిపింది. పిల్లల తల్లి, ట్రంపెట్ విద్వాంసురాలు, స్త్రీని ప్రేమించిన స్త్రీ. ఆమె జీవితాన్ని ఏ ఒక్క పేరు కింద పెట్టినా మిగతాది బయటే ఉంటుంది.

విశ్వవిద్యాలయం మాటకొస్తే టెక్సాస్ రాష్ట్రం కథ చెప్పుకోవాలి. 1943లో ప్రెయిరీ వ్యూ అనే నల్లజాతి కళాశాలలో, మగ విద్యార్థులు సైన్యానికి పోవడంతో, అమ్మాయిలు బిగ్ బ్యాండ్ కట్టారు. ప్రెయిరీ వ్యూ కో-ఎడ్స్. వారమంతా తరగతులు, వారాంతం కచేరీలు, వేసవి సెలవుల్లో దూరపు ఊళ్ళు. 1944లో వాళ్ళూ అపోలోలో వాయించారు. తర్వాత కాలిఫోర్నియా వెళ్ళి పేరు తెచ్చుకున్న ట్రంపెట్ విద్వాంసురాలు క్లోరా బ్రయంట్ ఈ బ్యాండు కోసమే ఆ కళాశాలలో చేరింది. యుద్ధం ముగిసింది, ఆ బ్యాండూ ముగిసింది. 1947లో అదే రాష్ట్రంలో నార్త్ టెక్సాస్ కళాశాల దేశంలో మొట్టమొదటిసారి జాజ్‌లో పట్టా ఇవ్వడం మొదలుపెట్టింది. జాజ్ అన్న మాట మర్యాదగా ఉండదని ఆ పట్టాకు 'డాన్స్ బ్యాండ్' అని పేరుపెట్టారు. అప్పటికి ఆ కళాశాలలో నల్లజాతి విద్యార్థులకు ప్రవేశం లేదు.

జాజ్ విద్య చరిత్ర పుస్తకాలు 1947తో మొదలవుతాయి. 1943 నాటి అమ్మాయిలు సెలవుల్లో బస్సెక్కి నేర్చుకున్నది విద్య కింద జమకాదు, సరదా కింద పోతుంది. నల్లవాళ్ళ సంగీతం నల్లవాళ్ళు అడుగుపెట్టలేని చోట పాఠ్యాంశమయ్యింది. ఏదైనా ఒక కళకు విశ్వవిద్యాలయం తలుపు తెరిచినప్పుడు, ఆ కళను పుట్టించినవాళ్ళలో ఎవరు ఆ తలుపు బయట ఉండిపోయారో చూడటం మన పని. మన విశ్వవిద్యాలయాలు 'జానపద కళలు' అని పేరుపెట్టి లోపలికి తెచ్చుకున్న వాటి విషయంలోనూ ఇదే ప్రశ్న వేసుకోవచ్చు. డప్పు మీద పరిశోధన చేసి పట్టా తీసుకున్నవారెందరు, డప్పు కొట్టి అక్కడ ఆచార్యులైనవారెందరు?

అతిథిగా వచ్చిన స్త్రీలు లేరా అంటే ఉన్నారు, చాలా గొప్పవాళ్ళు. బిగ్ బ్యాండ్లకు స్వరరచన చేసి వాటి రూపాన్నే దిద్దిన పియానో విద్వాంసురాలు మేరీ లూ విలియమ్స్ 1977 నుంచి 1981లో చనిపోయేదాకా డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఆస్థాన కళాకారిణిగా జాజ్ చరిత్ర చెప్పింది. అరవై ఏడేళ్ళ వయసులో దొరికిన కొలువు అది. ట్రాంబోన్ వాద్యకారిణి మెల్బా లిస్టన్‌ను డిజ్జీ గిలెస్పీ తన బ్యాండులోకి పిలిస్తే మగవాళ్ళు సణిగారు. ఆమె రాసిన స్వరపత్రం ముందు పెట్టి వాయించమంటే తడబడ్డారు, అప్పుడు గానీ నోళ్ళు మూతపడలేదు. ఆ తర్వాత మర్యాద దక్కింది, దాంతోపాటు వాళ్ళ గుండీలు కుట్టడం, జుట్టు కత్తిరించడం కూడా దక్కాయి. కుర్చీ ఇచ్చి, ఆ కుర్చీ పక్కనే కుట్టుపెట్టె పెట్టారన్నమాట. 1973లో జమైకా వెళ్ళి అక్కడ సంగీత విద్యార్థులకు పాఠాలు చెప్పింది. 1979లో కాన్సస్ సిటీ స్త్రీల జాజ్ ఉత్సవానికి వచ్చి మళ్ళీ అమెరికాలో వాయించింది. ఆ ఉత్సవాన్ని 1978లో ఇద్దరు స్త్రీలు మొదలుపెట్టారు. 1980లో అక్కడే స్వీట్‌హార్ట్స్ సభ్యులను మళ్ళీ ఒకచోట కలిపారు. విమర్శకులు కాదు, చరిత్రకారులు కాదు, వాయించే స్త్రీలూ వాళ్ళ మిత్రులూ కలిసి ఆ పని చేశారు.

1986లో గ్రేటా షిల్లర్, ఆండ్రియా వైస్ ఈ బ్యాండు మీద డాక్యుమెంటరీ తీశారు. ముసలివాళ్ళయిన ఆ స్త్రీలు కెమెరా ముందు నవ్వుతూ, ఆ బస్సునీ ఆ రోజుల్నీ తలుచుకుంటారు. మనకు 1986 అంటే స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర'. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీల మౌఖిక చరిత్ర. రెండు ఖండాల్లో, ఒకరి గురించి ఒకరికి తెలియకుండా, ఒకే ఏడాది, నలభైలలో ఇల్లు విడిచి దారి పట్టిన స్త్రీల దగ్గరికి వెళ్ళి కొత్త తరం స్త్రీలు కూర్చున్నారు. విన్న కథ కూడా ఒక్కలాంటిదే. అవసరం ఉన్నన్నాళ్ళు రమ్మన్నారు, అవసరం తీరాక ఇంటికి పొమ్మన్నారు. వెళ్ళాక అక్కడ తాము పట్టేంత చోటు లేదు.

నడిగూడెంలో కూర్చుని ఈ పుస్తకం చదివితే పేజీల్లోని ఊళ్ళు కిటికీలోంచి కనబడుతున్నట్టే ఉంటాయి. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో బ్రిటిష్ వారి కృష్ణా జిల్లాకు చెందిన మునగాల పరగణా, ఆ జమీందారు కోట ఈ ఊళ్ళో. ముప్ఫైలలో ఆ జమీందారీ మీద రైతులు తిరగబడ్డారు. అటు సూర్యాపేట వైపు కరివిరాల కొత్తగూడెంలో పుట్టిన మల్లు స్వరాజ్యం పాడుతూ, మాట్లాడుతూ దళాల్లోకి పోయింది. ఇటు కృష్ణా జిల్లా వైపు నుంచి ప్రజానాట్యమండలి కళారూపాలు వచ్చాయి. బుర్రకథ రాజకీయ సాధనమయ్యింది. షేక్ నాజర్ పేరు అందరికీ తెలుసు. ఆయనకు పద్మశ్రీ వచ్చింది కూడా ఆ 1986లోనే. అదే కాలంలో మోటూరి ఉదయం నాయకత్వంలో మహిళా బుర్రకథ దళం ఊరూరూ తిరిగింది.

ఇక్కడ కాస్త ఆగాలి. బుర్రకథ దళం ముగ్గురిది. నడుమ కథ చెప్పేవారు, భుజాన తంబుర, వేళ్ళకు అందెలు. రెండు పక్కలా వంతలు, ఒకరు రాజకీయం, ఒకరు హాస్యం, ఇద్దరి దగ్గరా గుమ్మెటలు. మహిళా దళం అంటే ముగ్గురు స్త్రీలు పాడారని మాత్రమే అర్థం కాదు. ఇద్దరు స్త్రీలు వేలమంది ముందు నిలబడి తోలు వాద్యం వాయించారు. ఒకామె మగవాళ్ళను నవ్వించింది. అడుగులు వేస్తూ, కథకురాలు ఊపిరి తీసుకునే చోట తామందుకుంటూ, లయ తప్పకుండా గంటల తరబడి వాయించడం ఎంత పని? 'మేళంలో ఆడది' అన్న తిట్టును నెత్తిన వేసుకుని, కుటుంబ స్త్రీలుగా ఆ వేదిక ఎక్కినవాళ్ళు. కులం వేసిన తాళం, మగతనం వేసిన తాళం, రెండూ ఆ గుమ్మెట మీద ఒకేసారి పగిలాయి. బోగం మేళం స్త్రీలు అంతకుముందే ఆ తిట్టును తమ ఒంటిమీద మోశారని కూడా మరిచిపోకూడదు. 1947లో మద్రాసు దేవదాసీ చట్టంతో వాళ్ళ మేళాలు అణిగిపోయిన దశాబ్దంలోనే, గౌరవనీయులైన స్త్రీలకు రాజకీయ వేదిక మీద మేళం దొరికింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవడం మన విమర్శ ఇంకా గట్టిగా చేయాల్సిన పని.

మన సాహిత్య విమర్శ బుర్రకథను 'సందేశం'గా చదివింది. ఏం చెప్పారు, ఎవరిని మేల్కొలిపారు, ఏ పార్టీ పంథా అని. 2019లో వచ్చిన మల్లు స్వరాజ్యం ఆత్మకథ పేరు 'నా మాటే తుపాకీ తూటా'. ఆమెకు ఆ పేరు అక్షరాలా తగినది. మన దృష్టి కూడా మాట మీదే నిలిచిపోయిందనడానికి అదొక సూచన కూడా. మాటను మోసిన మోత సంగతి? 2000లో షెర్రీ టక్కర్ నలభైలనాటి స్త్రీల బ్యాండ్ల మీద రాసిన 'స్వింగ్ షిఫ్ట్' ఈ విషయంలో మనకు దారి చూపగల పుస్తకం. ఆమె వందమందికి పైగా స్త్రీలను కలిసింది. వాళ్ళను తెచ్చి జాజ్ చరిత్రలో ఒక అనుబంధంగా అతికించడంతో తృప్తిపడలేదు. ఇంతమంది వాయిస్తుంటే చరిత్రకారులకు ఎందుకు వినబడలేదని అడిగింది. పద్ధతి ఎంత చిన్నదంటే, ఎవరు ఏ కుర్చీలో కూర్చున్నారు, ఎంత ఇచ్చారు, బట్టలు ఎవరు ఎంచారు, ఎక్కడ పడుకున్నారు అని అడగడం. ఆ చిన్న ప్రశ్నల్లోంచి ఒక యుగం బయటపడింది.

మన స్త్రీల చరిత్ర రచన మొదలైందే సోలోలతో. అది తప్పని నేననను. భండారు అచ్చమాంబ 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వెలువరించింది. స్త్రీలు తెలివి తక్కువ వాళ్ళు, విద్యకు తగరు అన్న వాదానికి జవాబుగా ఒక్కొక్క స్త్రీ కథా వెతికి దండ గుచ్చింది. ఆమె తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు ఈ నడిగూడెం కోటలోనే దివానుగా పనిచేశాడు. ఊళ్ళో ఆయన పేరు చెబుతారు, జాతీయ జెండా రూపొందించిన పింగళి వెంకయ్య ఇక్కడ కొన్నేళ్ళున్నాడని ఇంకా గర్వంగా చెబుతారు. తొలి తెలుగు స్త్రీల చరిత్ర రాసిన అక్క పేరు నేను ఎత్తితే తప్ప రాలేదు. డౌన్ బీట్ వేసిన ప్రశ్న, అచ్చమాంబ ఎదుర్కొన్న వాదం నిజానికి ఒకటే. అలాంటి వాదానికి జవాబు చెప్పాలంటే అసాధారణ స్త్రీల జాబితా కావాల్సిందే. అయితే ఆ జాబితాలోకి ఎక్కినామె ఎప్పటికీ 'తొలి', 'ఏకైక'గా ఉండిపోతుంది. మెల్బా లిస్టన్ చేతిలో కుట్టుపెట్టె పెట్టింది ఆ ఏకైకత్వమే. ఒక్కతే ఉన్నచోట మిగతా ఆడపని అంతా ఆమెదే అవుతుంది.

వందేళ్ళ తర్వాత కూడా మన వ్యాసాలు తొలి కథకురాలు ఎవరు, తొలి నవలారచయిత్రి ఎవరు అన్న వాదాల దగ్గర ఎంత సిరా ఖర్చుపెట్టాయో చూడండి. నాకు 1993లో ఓల్గా సంపాదకత్వంలో వచ్చిన 'నీలిమేఘాలు', ఆ తర్వాత గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' ఈ ధోరణికి వేరుగా, మేళాల్లా కనబడతాయి. అందులోని ఒక్కో కవినీ, ఒక్కో రచయిత్రినీ వేరుచేసి మార్కులు వేసిన సమీక్షలు కొన్ని వచ్చాయి. బలహీనమైన కవితలు కూడా ఉన్నాయి అన్నది వాళ్ళ ఫిర్యాదు. మూడో ట్రంపెట్‌ను పక్కకు పిలిచి ఒక్కదాన్నే ఊదించి, వరస లేదేమిటని అడగడమే అది. ఆ కవితలు పక్కపక్కన ఉన్నప్పుడు పుట్టిన నాదం వేరు. 'నల్లపొద్దు' విషయంలోనైతే ఆ నాదం, అప్పటిదాకా స్త్రీవాదం అనుకున్న దాంట్లో ఏ స్వరాలు లేవో కూడా వినిపించింది. ఏదో ఒక్క గొంతు ఎంత గట్టిగా పాడినా ఆ పని అయ్యేది కాదు.

పొగిడేటప్పుడు జాగ్రత్త కూడా అవసరం. సమష్టి అన్న మాట చాటున ఆడవాళ్ళ పేర్లు మింగేయడం ఉద్యమాలకు బాగా తెలుసు. 'మహిళా దళం' అని ఒక్కమాటలో చెప్పి ముందుకుపోయిన చరిత్ర పుస్తకాలున్నాయి. మేళాన్ని మేళంగా వినడం అంటే ప్రతి కుర్చీకీ పేరు రాయడం. స్వీట్‌హార్ట్స్ మీద పనిచేసినవాళ్ళు నాలుగో ట్రంపెట్ దాకా పేర్లు రాశారు. ఉదయం పేరు మనకు వెంటనే నోటికొస్తుంది, రెండు పక్కలా గుమ్మెటలు పట్టినవాళ్ళ పేర్లు మన ఎం.ఏ. పాఠ్యపుస్తకాల్లో ఏ పేజీలో ఉన్నాయి?

అమెరికాలో ఇప్పుడు లెక్క మారుతోంది, నెమ్మదిగా. న్యూయార్క్‌లో లింకన్ సెంటర్ జాజ్ ఆర్కెస్ట్రాలో స్త్రీలు ఎందుకు లేరని 2000లో పత్రికల్లో గట్టిగానే అడిగారు. డ్రమ్స్ విద్వాంసురాలు టెరీ లిన్ క్యారింగ్టన్ 2018లో బర్క్‌లీ సంగీత కళాశాలలో జాజ్, జెండర్ న్యాయం కోసం ఒక సంస్థే పెట్టింది. 2022లో స్త్రీలు కూర్చిన నూటొక్క జాజ్ రచనల స్వరపత్రాలు పుస్తకంగా తెచ్చింది. విద్యార్థులు సాధన చేసే పుస్తకంలోనే స్త్రీల పేర్లు ఉండాలన్నది ఆమె పట్టుదల. ఉపన్యాసం కన్నా స్వరపత్రం బలమైనదని నాకూ అనిపిస్తుంది. మన దేశంలో బీహార్‌లోని దానాపూర్ దగ్గర ధీబ్రా గ్రామపు దళిత స్త్రీలు 2016 ప్రాంతంలో డ్రమ్ములు మెడలో వేసుకుని పెళ్ళిళ్ళకు వాయించడం మొదలుపెట్టారు. సర్గమ్ మహిళా బ్యాండ్. పొలం కూలి కన్నా మెరుగైన డబ్బు వస్తుందన్నది వాళ్ళు చెప్పిన మొదటి కారణం. విముక్తి గురించి తర్వాత మాట్లాడారు.

మోటూరి ఉదయం 2002లో వెళ్ళిపోయింది. కొండపల్లి కోటేశ్వరమ్మ నూరేళ్ళు నిండిన ఏడాది, 2018లో. మల్లు స్వరాజ్యం 2022లో. అటు క్లోరా బ్రయంట్ 2019లో, రోజలిండ్ క్రాన్ 2021లో. వాళ్ళ తర్వాత వరసలో నిలబడి పాడినవాళ్ళు, డెబ్భైలలో ఎనభైలలో విప్లవ కళాబృందాల్లో డప్పు పట్టిన ఆడపిల్లలు, ఇప్పుడు అరవైలు దాటి ఈ జిల్లాల్లోనే ఉన్నారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళే పరిశోధక విద్యార్థులు పట్టుకెళ్ళే ప్రశ్నావళి నేను చూశాను. ఉద్యమంలోకి ఎలా వచ్చారు, ఎవరి ప్రభావం, పాట ఎవరు రాశారు. దానికి ఇంకొక పేజీ కలపొచ్చు. డప్పు మొదట ఎవరు చేతికిచ్చారు? దాన్ని మంట మీద కాచేది మీరా, మగవాళ్ళా? చెయ్యి వాచిన రాత్రి మర్నాడు ఎలా వాయించారు? నెలసరి రోజుల్లో? మీ పక్కన వాయించినామె పేరేమిటి, ఆమె ఇల్లెక్కడ?